మేడ్చల్ అటక మీది రఘురామయ్య

"పైకి చూడకు బిడ్డా, కండ్లల్ల దుమ్ము పడ్తది" అంటోంది అవ్వ. అప్పటికే పడింది. మేడ్చల్ పాత ఊళ్ళో, రైలు దిగి నడిచి వచ్చేంత దూరంలో ఒక పెంకుటిల్లు. నడిమింట్లో నిచ్చెన వేసుకుని సార్ నడుము దాకా అటకలోకి దూరారు. నిచ్చెన పట్టుకున్నది నేను. మీరు కాస్త పక్కకు జరగండి, గూనపెంకుల బెడ్డలు రాలుతున్నాయి. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశారు, పండగ వెళ్ళాక కూలగొడతారు. సామానంతా వాకిట్లో పోగుపడి ఉంది. పాత సామాన్లవాడు వచ్చి ఇనుముకు ఒక రేటు, ఇత్తడికి ఒక రేటు కట్టాడు. అవ్వ గ్రామఫోను ప్లేటు ఒకటి చూపిస్తే "ఇవి పోవమ్మా" అని పక్కన పెట్టేశాడు. ఆ మాట ఈనోటా ఆనోటా సార్ చెవిన పడింది. అందుకే మనం ఇక్కడున్నాం.

సార్ తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఉండేది శామీర్‌పేటలో. పాత ప్లేట్లు పోగుచెయ్యడం, వాటిలో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆయన పని. ఎవరూ జీతం ఇవ్వరు.

అటక మీంచి ముందు గంగాళం దిగింది. తర్వాత ఉయ్యాల గొలుసులు. ఆ తర్వాత రేకు ట్రంకు. "నిదానం... అట్లనే నిలబెట్టి దించు. పండబెట్టకు" అంటున్నారు సార్, గొంతు తగ్గించి, లోపల పసిపిల్ల నిద్రపోతున్నట్టు. మూత తీశాం. గోధుమరంగు కాగితం కవర్లు, అంచులు ఎలుకలు కొరికినవి. గ్రామఫోను బూరలోకి చెవి పెట్టిన కుక్క బొమ్మ. పై రెండు ప్లేట్లు ముక్కలైపోయాయి. మిగతావి పాతిక దాకా ఉంటాయి.

"ఆయన పోయినంక ఎవలు ముట్టలే" అంది అవ్వ. ఆయనంటే ఆమె పెనిమిటి. మిల్లులో గుమాస్తా. జీతం రాగానే సికింద్రాబాద్ పోయి ఒక ప్లేటు తెచ్చేవాడట, బియ్యం సంగతి తర్వాత. ఆ కోపం ఆమె గొంతులో ఇంకా ఉంది. "పైసలేం ఇయ్యకు సారూ. కిష్ణుని పద్యం ఒకటుంటది, ఈలేస్తడు. గది నా మనవని ఫోన్ల ఎక్కియ్యి, సాలు."

సార్ నా వైపు చూశారు. ఈల అనగానే ఎవరో ఆయనకు తెలిసిపోయింది.

ఈ ప్లేటు ఒకటి చేతిలోకి తీసుకోండి, అంచులు పట్టుకుని. బరువుగా ఉంది కదా. ఇది ప్లాస్టిక్ కాదు, లక్క. అడవిలో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కను కరిగించి, అందులో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసిన సరుకు. ప్రపంచమంతా పాడిన ప్లేట్లకు లక్క చాలావరకు మన దేశపు అడవుల నుంచే పోయింది. రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లు గాడిలోకి దిగగానే అరిగి గాడికి సరిపోయే ఆకారానికి రావాలి. అంటే ముల్లు అరగడానికే చేసిన వస్తువిది. ప్లేటు వేసిన ప్రతిసారీ ముల్లు మార్చాలి. జీతం రాళ్ళు లెక్కపెట్టుకునే గుమాస్తాలు ముల్లు మార్చేవారా? ఒకే ముల్లుతో నెలంతా నడిపేవారు. అప్పుడు అరిగేది గాడి. బాగా ఇష్టమైన పాటే బాగా అరిగిపోయి ఉంటుంది.

ఆటో మాట్లాడాం. ఆటోలను ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రానివ్వరు కాబట్టి సర్వీసు రోడ్డే గతి. ప్లేట్లను అట్టపెట్టెలో నిలువుగా పేర్చి, మధ్యమధ్య అవ్వ ఇచ్చిన పాత చీరలు కుక్కి, పెట్టెను సార్ ఒళ్ళో పెట్టుకున్నారు. స్పీడుబ్రేకరు కనిపించినప్పుడల్లా ఆయన రెండు కాళ్ళూ ఆటో నేలకు తన్నిపెట్టి పైకి లేస్తారు, పెట్టెకు కుదుపు తగలకుండా. దారి పొడుగునా వెంచర్ల బోర్డులు, గోడౌన్ల రేకులు, అక్కడక్కడా మిగిలిన ద్రాక్షతోటల రాతి కడీలు. రాజీవ్ రహదారి దాటి ఊళ్ళోకి తిరిగేసరికి చెరువు మీంచి గాలి కొట్టింది. ఆదివారం కదా, చెరువు దగ్గర దాబాల ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి.

సార్ గది మేడ మీద. మెట్లెక్కగానే చెప్పులు విడవాలి, భక్తితో కాదు, దుమ్ముకు భయపడి. బల్ల మీద టర్న్‌టేబుల్, పక్కన లాప్‌టాప్, సౌండ్ కార్డు. అగ్గిపెట్టెలంత చిన్న డబ్బాల్లో రకరకాల ముళ్ళు. కింద ప్లాస్టిక్ టబ్బు. బిట్స్ క్యాంపస్ నుంచి వచ్చిన కుర్రాడు అప్పటికే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు విప్పుతున్నాడు. విజయవాడ పిల్లాడు, సెలవురోజుల్లో ఇక్కడే ఉంటాడు. సాఫ్ట్‌వేర్ సంగతులు వాడివి, చెవి సార్‌ది.

"మాస్టారూ, కొంచెం స్పిరిట్ వేస్తే మురికి త్వరగా పోతుందేమో?"

"ప్లేటు గూడ పోతది బిడ్డా. వడ్లాయన పాలిష్ చేసేది దేంతోని? స్పిరిట్ల లక్క కరగబెట్టే కదా?"

కుర్రాడు సీసా మూత బిగించాడు. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక్క బొట్టు, మెత్తని బ్రష్షు, గాడి వెంబడే గుండ్రంగా తిప్పడం, అడ్డంగా రుద్దకపోవడం, నడిమధ్య లేబులుకు చుక్క నీరు తగలనివ్వకపోవడం: ఇంతే విద్య. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. మిల్లు గుమాస్తా ఇంటి పొయ్యి పొగ అది.

ప్లేటు ఆరేలోపు సార్ నోటుబుక్కు తీశారు. ఈ పని మీకు విసుగు పుట్టించవచ్చు గానీ నా మటుకు ఇవాళ్టి పనిలో అసలుది ఇదే. లేబుల్ మీద కంపెనీ పేరు, నెంబరు, పాత్రధారి పేరు, నాటకం పేరు. తర్వాత ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టి, గాడులు అయిపోయి లేబుల్ మొదలయ్యే నున్నటి జాగాలో చెక్కిన సన్నటి అంకెలు చదువుతారు. అది మాట్రిక్స్ నెంబరు. ప్లేటు మీద రికార్డింగు జరిగిన రోజుకు అన్నిటికంటే దగ్గరగా తీసుకుపోయే ఆధారం అది. ఆఖరి గడి ఖాళీగా వదిలారు. అందులో హార్మోనియం వాయించిన వాళ్ళ పేరు రాయాలి. లేబుల్ మీద అది లేదు. దాదాపు ఎప్పుడూ ఉండదు.

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోను ప్లేటుకు పాడినప్పుడు, పాట ముగియగానే తన పేరు తానే గట్టిగా చెప్పింది. అచ్చు పోసేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకు ఏ మైనం పలక ఎవరిదో తెలియాలి కదా. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. పేరు గొంతులోంచి లేబుల్ మీదికి మారింది. లేబుల్ చిన్నది. ఎవరి పేరు పట్టిందో వాళ్ళు మిగిలారు.

ఆరిపోయింది. ముల్లు ఎంచుకోవాలి. ఎల్పీకి వాడే సన్నని ముల్లు వేస్తే ఈ వెడల్పాటి గాడి అడుగున పడి దొర్లుతుంది, బుసబుస తప్ప ఏమీ వినిపించదు. దీనికి మొన మూడింతలు లావుండాలి. పాత ఉక్కు ముల్లు గాడి గోడను ఏ ఎత్తులో అరగదీసిందో, అంతకు పైనో కిందో ఆనే ముల్లు పెడితే అరగని జాగా దొరుకుతుంది. సార్ రెండు మార్చి మూడోది పెట్టారు.

వినండి. బరబర. లోపలెక్కడో హార్మోనియం ఒక్క ముక్క. ఆపైన గొంతు లేచింది.

కల్యాణం రఘురామయ్య. గుంటూరు సీమవాడు. కృష్ణుడి వేషం కట్టి, పద్యం అయ్యాక వేలు నోట్లో పెట్టుకుని ఈలతో రాగం తీసేవాడు. అందుకే ఆయన ఈలపాట రఘురామయ్య. 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాదే కన్నుమూశాడు. స్టేజీ మీద ఒక పద్యాన్ని ఎంతసేపు సాగదీసేదీ ఆయన ఇష్టం, వన్స్‌మోర్ కొడితే మళ్ళీ మొదటికి. ప్లేటు మీద ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. రాగాన్ని అంతలో కుదించి దించాలి. గ్రామఫోను పద్యం స్టేజీ పద్యానికి నకలు అనుకుంటారు చాలామంది. నేననుకోను. అది వేరే కళ. తొందరలో కూడా తొందర కనపడనివ్వని కళ.

ఈల మొదలైంది. సార్ ముఖం ముడుచుకుంది. "ఊగుతున్నది."

మీకూ వినిపిస్తోందా? స్వరం నిలకడగా లేదు, సన్నగా పైకీ కిందికీ పోతోంది, సెకనుకు ఒకసారి కంటే కాస్త ఎక్కువగా. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 1.3. ఊగుడు లెక్క సరిగ్గా అదే. తప్పు రఘురామయ్యది కాదు, బెజ్జానిది. అచ్చులో నడిమధ్య బెజ్జం వెంట్రుకవాసి పక్కకు పడింది. గొంతులోనూ తబలాలోనూ చెవి దీన్ని పట్టించుకోదు. ఈలలో దాక్కోవడానికి చోటు లేదు. స్పిండిల్ చివరను సార్ ముందే అరగదీసి పెట్టుకున్నారు, అందుకని ప్లేటును ఇటూ అటూ జరపడానికి వీలుంది. టోన్ఆర్మ్ వైపు కళ్ళార్పకుండా చూస్తూ, వేలిగోటితో ప్లేటు అంచును చిన్నగా తట్టారు. ఆర్మ్ ఇంకా పక్కకు కదులుతోంది. మళ్ళీ తట్టారు. కుర్రాడు ఊపిరి బిగబట్టాడు. ఇంకొక్కసారి. ఆర్మ్ కదలడం మానేసింది. ఈల తీగలా సాగింది.

ఇప్పుడు వేగం. ఈ ప్లేట్లన్నిటినీ 78 అనే పిలుస్తారు గానీ అన్నీ 78లో తియ్యలేదు. ఆరు శాతం తేడా వస్తే శ్రుతి ఒక మెట్టు జరిగిపోతుంది, కృష్ణుడు కాస్తా చిన్నపిల్లాడైపోతాడు. సార్ దగ్గర పాత హార్మోనియం పెట్టె ఉంది. ప్లేటులో వినిపించే మెట్టును దీనిమీద వెతికి, రెండూ కలిసేదాకా వేగం సరిచేశారు. అప్పుడే రికార్డు బొత్తాం నొక్కమన్నారు. మూడు నిమిషాల పద్యం వంద ఎంబీ దాటింది. దీన్ని ఇలాగే, ఏమీ తుడవకుండా, రెండు డిస్కుల్లో భద్రం చేస్తారు. శుభ్రం చేసేది దీని నకలును.

గొడవ అక్కడే మొదలవుతుంది. కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లో బరబర తగ్గించే మీటను పూర్తిగా లాగేశాడు. చప్పుడు పోయింది. గొంతు నీళ్ళలో మునిగింది. హార్మోనియం మెట్టు నొక్కినప్పటి చురుకు మాయమైంది.

"నీకు రొద తీసుడే కావాల్నా, పద్యం కావాల్నా?" అన్నారు సార్.

"మాస్టారూ, మీకు రొద అంటే ఏంటో వినిపిస్తా" అని వాడు ఫోన్ తీసి స్పీకరుకు తగిలించాడు. గదిలో ఒక్కసారిగా ఇనుప గోడౌను కూలినట్టయింది. ఒకే బేస్ గిటారు ముక్క ఆగకుండా తిరుగుతోంది, దానిమీద ఎలక్ట్రిక్ గిటారు కీచుమంటూ తనను తానే మింగుతోంది, అడుగున ఎవరో మెల్లగా, దాదాపు జోలపాటలా పాడుతున్నారు. లే రాలీజ్ డెనూడే. పేరు ఫ్రెంచిలా ఉంటుంది గానీ మనుషులు జపాన్ వాళ్ళు. 1967లో క్యోటోలో దోషిషా విశ్వవిద్యాలయంలో తకాషి మిజుతాని పెట్టిన బృందం. వాళ్ళ తొలి బేస్ గిటారు వాద్యకారుడు 1970లో విమానాన్ని హైజాక్ చేసి ఉత్తర కొరియాకు తీసుకుపోయిన వాళ్ళలో ఒకడు. ఆ తర్వాత మిజుతాని దాదాపు చీకట్లోనే పాడాడు. ఉన్నన్నాళ్ళూ దాదాపు దేనినీ అచ్చెయ్యడానికి ఇష్టపడలేదు. 1991లో మూడంటే మూడు సీడీలు, అవీ కొద్ది కాపీలే.

సార్ చెవులు మూసుకోలేదు. చివరిదాకా విన్నారు. "ఈ రొద తీసేస్తే ఏం మిగుల్తది బిడ్డా?"

"ఏమీ మిగలదు మాస్టారూ. అదే పాట."

"మన ప్లేటుల రొద పాట కాదు. అరుగుడు. రెండు ఒక్కటే మీటకు దొరకయి."

కుర్రాడు మీటను వెనక్కి తెచ్చాడు. టప్‌టప్‌మనే పెద్ద చప్పుళ్ళు మాత్రం ఒక్కొక్కటే పట్టి తీస్తున్నాడు. సన్నటి బుస అలాగే ఉండనిచ్చాడు. ఇది ఓపిక పని, మనం మెట్ల మీద కూర్చుందాం.

ఆ జపాన్ కథలో నన్ను పట్టుకున్నది సంగీతం కంటే తర్వాత జరిగింది. మిజుతాని అచ్చెయ్యకపోవడంతో దొంగ సీడీలు లోకమంతా తిరిగాయి. ఒక కచేరీకి ఇంకో కచేరీ తేదీ, వాయించనివాళ్ళ పేర్లు, చెయ్యి మారిన కొద్దీ మసకబారిన శబ్దం. 2019లో ఆయన పోయారు. ఒకప్పుడు ఆ బృందంలో వాయించిన మకోటో కుబోటా కూర్చుని అసలు టేపులు బాగుచేశాడు. 2022లో టెంపొరల్ డ్రిఫ్ట్ అనే అమెరికా కంపెనీ 'ది ఓజ్ టేప్స్' తెచ్చింది. ఓజ్ అంటే టోక్యో కిచిజోజిలో 1973లో మూతపడిన చిన్న కచేరీ గది. అలాగే ఆ నగరంలోనే మోడరన్ మ్యూజిక్ అనే రికార్డుల అంగడి నడిపిన హిదేవో ఇకెఎజుమి 1984లో పి.ఎస్.ఎఫ్. కంపెనీ పెట్టి, ఎవరూ కొనరన్న ఈ రకం సంగీతాన్ని ప్లేటు తర్వాత ప్లేటుగా తెచ్చాడు. ఆయన 2017లో పోయాక వాటిని బ్లాక్ ఎడిషన్స్ మళ్ళీ ముద్రిస్తోంది. ఇవేవీ శబ్దం శుభ్రం చేసి ఊరుకోలేదు. ఏ రోజు, ఏ గది, ఎవరు వాయించారు అన్నది సరిచేశాయి. రీఇష్యూ అన్న మాటకు నేను ఒప్పుకునే పని అదీ.

మన దగ్గర అలాంటి మనుషులు లేరని కాదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ ప్లేట్లు పోగుచేసి, వాటి పుట్టుపూర్వోత్తరాలు నోటి చివర పెట్టుకున్న మనిషి. ప్రవాసంలో ఉంటూ పరుచూరి శ్రీనివాస్ పాత రేడియో రికార్డింగులను, గ్రామఫోను పాటలను 'ఈమాట' పత్రికలో వివరాలతో సహా వినిపిస్తూ వచ్చారు. కానీ వాళ్ళు ఒంటరివాళ్ళు. మిగతాదంతా యూట్యూబ్‌లో 'పాత తెలుగు పద్యాలు, పార్ట్ టూ' అన్న పేరుతో, ఎవరు పాడారో కూడా లేకుండా, మీద దేవుడి బొమ్మతో తిరుగుతోంది. జపాన్ దొంగ సీడీల మీద కనీసం బృందం పేరైనా ఉండేది.

లోపలికి రండి, గోడకు అంటించిన ఈ కాగితం చూడండి. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కదా, 1998లో పెట్టింది. అక్కడ చదివే అమ్మాయి, మన కుర్రాడి స్నేహితురాలు, రాసిచ్చింది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, శబ్ద ముద్రణ వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు. 1960లో వచ్చిన ప్లేటుకు 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. రాసిన కవికి వేరే లెక్క: కవి పోయిన మరుసటి ఏడాది నుంచి 60. తిరుపతి వేంకట కవుల్లో రెండోవారైన చెళ్ళపిళ్ళ 1950లో పోయారు, కాబట్టి వాళ్ళ పాండవోద్యోగ విజయాలు నాటకాల్లోని పద్యాలు 2011 నుంచి అందరివీ. అవ్వ ట్రంకులో హరిశ్చంద్ర కాటి సీను ప్లేటు కూడా ఒకటుంది. అక్కడ చిక్కు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది, ఆయన 1953లో పోయారు, హక్కు తీరింది. కానీ కాటి సీనులో నటులు కలుపుకుని పాడే శ్మశానం పద్యాలు జాషువావి. ఆయన పోయింది 1971లో. అవి 2031 చివరిదాకా ఆయన వారసులవి. ఒకే సీనులో ఒక పద్యం ఊరిది, పక్క పద్యం ఇంటిది.

"వెనకట నాటకంల జాషువా పేరు చెప్పకనే పాడిన్రు" అన్నారు సార్. "ఇప్పుడన్న అడిగి, రాసి, పెట్టాలె." ఆ వైపు ఫైలు పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టించారు. అనుమతి వచ్చేదాకా అది బయటికి పోదు.

చీకటి పడేలోపు ఈలపాట ఫైలు అవ్వ మనవడి ఫోనుకు వెళ్ళింది. మిగతా ప్లేట్లు రేపు, ఎల్లుండి. నోటుబుక్కులో హార్మోనియం గడి ఇంకా ఖాళీగానే ఉంది. మీ ఇంట్లో పద్య నాటకాలు ఎరిగిన పెద్దవాళ్ళుంటే, ఫలానా కృష్ణుడి వెనక, ఫలానా హరిశ్చంద్రుడి వెనక పెట్టె వాయించింది ఎవరని ఈ వారంలోనే అడగండి. చెప్పిన పేరును ఇంటిపేరుతో సహా, ఊరితో సహా కాగితం మీద రాసి పెట్టండి. ప్లేటు విరిగితే మరో కాపీ ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఎప్పుడో ఒకప్పుడు దొరకవచ్చు. ఆ పేరు మాత్రం ఏ మార్కెట్‌లోనూ దొరకదు.